నా కాలు పడిపోవడం నటన కాదు: నా అనుభవం

ఈ వారమే చేతికర్ర పక్కన పెట్టి బడికి వెళ్తున్నాను. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

ఒక ఉదయం నిద్ర లేచేసరికి ఎడమ కాలు కదల్లేదు. పక్షవాతమేమోనని మావారు వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఉన్నట్టుండి కాలో చెయ్యో పడిపోతే ఎవరైనా చేయవలసింది అదే. స్కానింగ్, రక్త పరీక్షలు, నరాల పరీక్ష అన్నీ బాగానే వచ్చాయి.

రిపోర్టులు బాగున్నాయని తెలిసిన క్షణం నుంచి వార్డులో అందరి తీరూ మారిపోయింది. రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టరు నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆయన వెంట ఉన్న జూనియర్ నా తొడ మీద గట్టిగా గిచ్చాడు. నేను నొప్పితో మూలిగితే "చూశారా, అన్నీ తెలుస్తున్నాయి" అని నవ్వాడు. పెద్దాయన మావారిని పిలిచి, పక్క మంచాల వాళ్లంతా వింటుండగా, "ఇంట్లో అత్తాకోడళ్ల గొడవలేమైనా ఉన్నాయా? పట్టించుకోకండి, ఈవిడే లేచి నడుస్తుంది" అన్నారు. అత్తయ్య అక్కడే కూర్చుని ఉన్నారు. మూడు పూటలా నాకు అన్నం కలిపి పెడుతున్న మనిషి ఆమె! బాత్రూముకు వెళ్లాలి, చక్రాల కుర్చీ కావాలంటే, "మీకేమీ లేదట కదమ్మా, నడవండి" అంది ఆయా. గోడ పట్టుకుని వెళ్తూ పడ్డాను, మోచేయి చీరుకుపోయింది. హోంవర్కు చేయని పిల్లల్ని కూడా నేనెప్పుడూ పదిమందిలో అలా నిలదీయలేదు. చివరికి విటమిన్ మాత్రలు రాసి ఇంటికి పంపేశారు.

తర్వాత చూపించుకున్న న్యూరాలజిస్టు నన్ను పడుకోబెట్టి ఎడమ మడమతో మంచాన్ని నొక్కమన్నారు. బలం లేదు. తర్వాత తన చెయ్యి అడ్డుపెట్టి కుడి కాలు పైకెత్తమన్నారు. నా ధ్యాసంతా కుడి కాలి మీద ఉండగా ఎడమ మడమ దానంతట అదే గట్టిగా దిగింది! 1908లో హూవర్ అనే అమెరికన్ వైద్యుడు వివరించిన పరీక్ష అట. "మీరు కావాలని చేస్తున్నది కాదమ్మా. నరాల దారి చెడలేదు. మీరు పూనుకుని కదపబోతే మెదడు ఆజ్ఞ సరిగ్గా అందడం లేదు. అందుకే బాగుపడే వీలుంది" అన్నారు. జబ్బు పేరు ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్. వార్డులో ఇదే గుర్తు చూసి ఉంటే, నన్ను దొంగను పట్టుకున్నట్టు పట్టుకునేవారు. ఈయన దాన్ని నాకే చూపించి ధైర్యమిచ్చారు.

ఫిజియోథెరపీ తేలికగానే సాగింది. మాటల్లో పెట్టి, వెనక్కి నడిపించి, కాలి మీదున్న ధ్యాస మళ్లించారు. అందరికీ ఇంత త్వరగా తగ్గదని, కొందరికి పూర్తిగా తగ్గకపోవచ్చని కూడా చెప్పారు. నేను ఒక్కరోజూ మానకుండా చేశాను, ఆ గొప్ప నాదే.

ఇంట్లో గొడవల గురించి అడిగే డాక్టర్లకు ఒక మాట. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన మానసిక జబ్బుల వర్గీకరణలోనే, ఈ నిర్ధారణకు మానసిక కారణం తప్పక కనిపించాలన్న నియమాన్ని తీసేశారు.

ఇదే జబ్బు వల్ల నాలా కాలు పడిపోవడం కాకుండా మూర్ఛలాంటివి వచ్చే వారుంటే, ఇంటివాళ్లు ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. వీడియో తీస్తూనే మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష, వీడియో ఈఈజీ గురించి అడగండి. మూర్ఛ మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి. స్కానింగ్ బాగుందంటే సరిపోదు, ఏ గుర్తును బట్టి జబ్బు తేల్చారో అడగండి. నా డిశ్చార్జి కాగితంలో జబ్బు పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. మీరు రాయించుకున్నాకే కదలండి.