బెన్నర్లీ వంతెన మీద నాన్నతో

శనివారం పొద్దునకి వాన తెరిపిచ్చింది. రాజమండ్రి నుంచి ఇక్కడికి, ఇంగ్లండ్‌కి వచ్చినప్పటి నుంచి నాన్న ఇంట్లో కూర్చుని విసిగిపోతున్నారు. సరేనని నాటింగ్‌హామ్‌లో రైలెక్కి ఇల్కెస్టన్‌లో దిగి, కాలవ గట్టున నడుచుకుంటూ బెన్నర్లీ అనే పాత రైలు వంతెనకి వెళ్లాం. అమ్మ మోకాళ్ల నొప్పులని రాలేదు.

దూరం నుంచి చూస్తే అంత పెద్ద వంతెనా గాల్లో ఉన్నట్టే ఉంటుంది. ఎరివాష్ లోయకి అడ్డంగా 443 మీటర్ల పొడవు, దాదాపు 18 మీటర్ల ఎత్తు. స్తంభాల నుంచి పై దూలాల దాకా అంతా చేత ఇనుమే (రాట్ ఐరన్), జాలీ అల్లినట్టు ఉంటుంది, అవతలి పొలాలు అందులోంచే కనిపిస్తాయి. ఈ నేల కింద బొగ్గు గనులు తవ్వేశారు, ఇటుకలతో బరువుగా కడితే ఎప్పుడు కుంగుతుందో తెలియదు, అందుకే 1870లలో ఇలా తేలిగ్గా ఇనుముతో కట్టారు. ఇది చెప్పగానే నాన్న ఆగిపోయి, ఒక స్తంభం దగ్గరికి వెళ్లి రివెట్ల వరస మీద బొటనవేలితో రాసి చూశారు. తుప్పు పొడి గోట్లోకి వచ్చింది. "లోపల గట్టిగానే ఉందిరా," అన్నారు.

1916లో ఒక రాత్రి జర్మన్ జెప్పెలిన్ అనే పెద్ద గాలి ఓడ ఈ చుట్టుపక్కల బాంబులు వేసినా వంతెనకి ఏమీ కాలేదు. అసలు గండం తర్వాత వచ్చింది. 1968లో లైను మూసేశాక దీన్ని పడగొట్టేద్దామనుకున్నారు, కానీ ఈ ఇనుము గ్యాస్ కట్టర్‌కి అంత తేలిగ్గా లొంగదని, రివెట్టు రివెట్టూ ఊడదీయాలంటే తడిసి మోపెడవుతుందని ఆగిపోయారంటారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎక్కే దారి కూడా లేకుండా పడి ఉన్నదాన్ని స్థానికులు పట్టువదలకుండా వెంటపడి బాగు చేయించుకున్నారు. 2022 జనవరిలో నడిచేవాళ్లకి, సైకిళ్లకి తెరిచారు. నాకు ఇంజనీర్ల గొప్పతనం కంటే ఈ జనం ఓపికే పెద్దదనిపిస్తుంది.

నడి వంతెన మీద గాలికి మాటలు వినపడవు. కింద ఎరివాష్ నది, ఇటు డెర్బీషైర్, అటు నాటింగ్‌హామ్‌షైర్. ఇంతలో కింది పట్టాల మీద ఓ రైలు పోతుంటే నాన్న కటకటాలు పట్టుకుని వంగి, అది కనుమరుగయ్యేదాకా చూశారు. ఉద్యోగం రోజుల్లో ఆయన కొవ్వూరు నుంచి రాజమండ్రికి రోజూ గోదారి మీది పాత రైలు వంతెన, హేవ్‌లాక్ వంతెన మీదే వెళ్లొచ్చేవారు. అది 1997లో రిటైరయింది. నాకైతే తలుపు దగ్గర నాన్న చెయ్యి పట్టుకుని చూసిన గోదారి నీళ్లు, స్తంభం దాటినప్పుడల్లా మారే చప్పుడు బాగా గుర్తు.

తిరుగుదారిలో నాన్న ఇక ఆగలేదు. మన వంతెనని కూడా ఇలాగే నడవడానికి ఇవ్వాలట, మధ్యమధ్యలో నీడకి రేకులు వెయ్యాలట, ఎండాకాలం సాయంత్రం ఆరు దాటాకే జనాన్ని వదలాలట, పుష్కరాల రద్దీకి మాత్రం గేట్లు మూసెయ్యాలట. నేను పిల్లల్ని కూడా రానివ్వాలి కదా అంటే, "రానివ్వాలి, కానీ కటకటాలు ఇక్కడికన్నా ఎత్తుగా పెట్టాలి," అని రైలొచ్చేదాకా దాని లెక్కే చెబుతూ కూర్చున్నారు.