కుజుడికి తాళం వేయబోయి

థీమ్ పెట్టి చేసే సింఫనీ కచేరీలు నాలాంటి వాళ్ల కోసమే అనిపిస్తుంది. ఎక్కడ చప్పట్లు కొట్టాలో తెలియకపోయినా, కథ ఏంటో తెలుస్తుంది కదా! మొన్న డల్లాస్ మేయర్సన్ హాల్లో థీమ్ అంతరిక్షం. ఇంగ్లండ్ స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ రాసిన ‘ది ప్లానెట్స్’. ఏడు గ్రహాలే ఉంటాయి. భూమిని వదిలేశాడు, ప్లూటో అప్పటికి దొరకనే లేదు, దొరికిందే 1930లో.

మొదట కుజుడు. వయొలిన్ వాళ్లు కమాను తిరగేసి, కర్ర వైపుతో తీగల మీద టకటకా కొడుతున్నారు. లెక్క ఐదు! నా చెయ్యి ఊరుకుంటుందా, తొడ మీద మన కర్ణాటక సంగీతంలోని ఐదు లెక్కల తాళం, ఖండచాపు మొదలెట్టేసింది. కుదిరితేగా! మనది తక తకిట, ఆయనది తకిట తక. ఈ హోల్స్ట్ సంస్కృతం నేర్చుకుని ఋగ్వేద సూక్తాలకు సంగీతం కట్టాడని ఇంటికొచ్చాక చదివి ఆశ్చర్యపోయా.

చివర్లో నెప్ట్యూన్. ఆడవాళ్ల కోరస్ స్టేజీ మీద ఉండదు. లోపలి గదిలో పాడుతుంటే తలుపు మెల్లగా మూస్తారు. ముందు వరసలో ఒకాయన ఆ గొంతులు ఎక్కణ్ణుంచా అని మెడ తిప్పి తిప్పి వెతికాడు పాపం.

మావాడికి మాత్రం గురుడే నచ్చాడు. కార్లో దారంతా అదే కూనిరాగం. వచ్చే నెల థీమ్ సినిమా సంగీతమట, పైన బాల్కనీ టికెట్లు చూస్తున్నా. ఎవరైనా వస్తారా?