పాటకి డబ్బులివ్వలేదని ఎవరన్నారు

అక్క కూతురి పెళ్లి వీడియో మూగదైపోయింది. పెళ్లి అంబాజీపేటలో అయ్యింది, హైదరాబాదు చుట్టాలూ దుబాయ్ చుట్టాలూ చూస్తారని బావ మూడు గంటల వీడియోని నెట్లో పెట్టాడు, తెల్లారేసరికి ఊరేగింపు దగ్గర్నుంచి సౌండు లేదు. డీజే ముందు మా చిన్నమావయ్య తువ్వాలు తిప్పుతూ గంతులేస్తున్నాడు, చుట్టూ పిల్లల నోళ్లు కదుల్తున్నాయి, చప్పుడు మాత్రం సున్నా. కాపీరైట్ అంట. బావ ఫోన్ చేసి "పెళ్లి మనది, డీజేకి డబ్బులిచ్చింది మనం, మధ్యలో ఈళ్లెవరయ్యా?" అని నా మీద ఎగిరాడు, నేను కంప్యూటర్ ఉద్యోగం చేస్తాను కాబట్టి నేనే మ్యూట్ నొక్కినట్టు.

బావ మాటలో సగం న్యాయం ఉందండి. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లో పెళ్లి ఊరేగింపులోనూ పెళ్లికి సంబంధించిన వేడుకల్లోనూ పాటలు పెట్టుకుంటే తప్పు కాదని రాసే ఉంది, 2023 జులైలో కేంద్రం ఓ నోటీసిచ్చి మరీ ఆ సంగతి గుర్తు చేసింది. కాకపోతే అది పెళ్లి జరిగే చోట వాయించుకోడానికి, అదే పాటని వీడియోతో పాటు నెట్లో పెట్టడానికి కాదు. పైగా అక్కడ పట్టుకునేది మనిషి కాదు, పాటల కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ ఆడియోతో పోల్చి చూసే మెషిను, దానికి తలంబ్రాలూ తెలీవు సెక్షన్లూ తెలీవు.

అయితే "డబ్బులిచ్చింది మనం" అన్న ముక్క నాకు రెండు రోజులు బుర్రలో తిరిగింది. ఎందుకంటే నిజంగానే మా వైపు ఎవరూ పాటలు ఊరికే విన్లేదు. చిన్నప్పుడు నాన్న పాలకొల్లు వెళ్తే జేబులో ఓ కాగితం ఉండేది, పాటల లిస్టు, సగం ఘంటసాలవే. రికార్డింగ్ షాపులో ఆ కాగితం, ఖాళీ సిక్స్‌టీ క్యాసెట్టు (గంట నిడివిది) ఇచ్చేసి వారం పోయాక వెళ్లి తెచ్చుకోవడం, అటు ఆరు ఇటు ఆరు, చివరి పాట రెండో చరణంలో టేపు అయిపోయి టక్కున ఆగేది. దానికీ డబ్బులే.

తర్వాత మెమరీ కార్డులొచ్చాయి. సఖినేటిపల్లి రేవు దగ్గర సెల్ షాపులో 2 జీబీ కార్డు నిండా పాటలు ఎక్కిస్తే 30 రూపాయలు. ఆ షాపు బాబాయ్ కంప్యూటర్లో భక్తి, మాస్, మెలోడీ, పాతవి అని ఫోల్డర్లు, మనం చెప్పక్కర్లేదు, మొహం చూసి ఎక్కించేసేవాడు. గోదావరి దాటించే పంటు ఎక్కాక నరసాపురం ఒడ్డు వచ్చేలోపు ఫోన్లు దగ్గరపెట్టి బ్లూటూత్‌లో ఒకళ్లకొకళ్లం పంపుకునేవాళ్లం, అది మాత్రం ఫ్రీ, ఒప్పుకుంటాను. ఆ ఫైళ్లల్లో సింగర్ పేరు ఉండాల్సిన చోట దొంగ సైటు పేరు ఉండేది. మొన్న కారులో పాత పెన్‌డ్రైవ్ పెడితే మావాడు స్క్రీన్ చూసి "ఎవరు నాన్నా ఈ సింగరు, అన్ని పాటలూ ఈయనే పాడాడు" అన్నాడు. నవ్వొచ్చింది గానీ అసలు దొంగతనం ఎక్కడుందో వాడే పట్టుకున్నాడనిపించింది. డబ్బు ఇచ్చాం, అందాల్సినోళ్లకి అందలేదు, కనీసం పేరు కూడా మిగల్లేదు.

ఓసారి పక్క ఊళ్లో రెయిడ్ అయ్యింది, ఓ షాపులో సీపీయూ ఎత్తుకెళ్లారు. ఆ రోజు రేవు దగ్గర షట్టర్లన్నీ సగానికి దించేసి ఉన్నాయి. అదే కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఇలాంటి కాపీలకి ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. 30 రూపాయల బేరానికి! అమెరికాలో ఇంకా ఘోరం, మిన్నెసోటాలో ఒకావిడ 24 పాటలు నెట్లో షేర్ చేసిందని 2009లో జ్యూరీ 19 లక్షల 20 వేల డాలర్లు కట్టమంది, పాటకి 80 వేలు, కోర్టుల్లో నలిగి నలిగి చివరికి 2,22,000 దగ్గర ఆగింది. దాన్తో పాటలు షేర్ చేసుకోవడం ఆగిందా అంటే ఏం లేదు.

కొనొచ్చుగా అంటారు. ఎక్కడ? ఐట్యూన్స్ మన దేశానికి వచ్చిందే 2012 డిసెంబర్లో, పాట పది పదిహేను రూపాయలకే దొరికింది గానీ కొబ్బరి దింపు డబ్బుల మీద బతికే మా పెదనాన్నకి ఐఫోన్ ఎక్కడిది, కార్డు ఎక్కడిది. అదే ఏడాది చట్టం మార్చి, సినిమా పాట హాలు బయట వాడితే వచ్చే రాయల్టీలో రాసినాయనకీ బాణీ కట్టినాయనకీ సమాన వాటా, అది రాసిచ్చేసినా పోదు అన్నారు. చాలా మంచి మార్పు, నాకు తెలిసి ఈ మొత్తం గొడవలో కళాకారుడి వైపు నిలబడ్డ ముక్క ఇదొక్కటే. కానీ షాపు బాబాయ్ కౌంటర్లో పడ్డ 30లో వాటా ఎవరు పంచుతారు.

ఇప్పుడు నేను నెలనెలా ఓ యాప్‌కి కడుతున్నాను. మొన్న కార్డు ఎక్స్‌పైర్ అయ్యి కట్టడం మర్చిపోతే డౌన్‌లోడ్ చేసుకున్న నాలుగొందల పాటలూ బూడిదరంగులోకి పోయి మూగబోయాయి. నాన్న క్యాసెట్టు రెండో చరణంలో ఆగేది గానీ మొదటి చరణం వరకైనా ఉండేది కదండీ.

ఇంకో చిత్రం, 1964 దాకా రిలీజైన రికార్డింగులకి 60 ఏళ్ల గడువు అయిపోయింది, కానీ బాణీకి గడువు కట్టినాయన పోయాక 60 ఏళ్లు, ఘంటసాల గారు పోయింది 1974లో కాబట్టి ఆయన కట్టిన బాణీలకి మాత్రం 2034 దాకా హక్కు ఉంటుంది. అంటే నాన్న లిస్టులో ఆయన బాణీ కట్టిన ఆ పాత పాటలకి రికార్డు ఫ్రీ, బాణీ ఫ్రీ కాదు. ఇది బావకి చెప్తే ఫోన్ పెట్టేశాడు.

వీడియో మాత్రం సౌండుతో సహా చుట్టాలకి చేరాలి కదా, మొన్న ఊరెళ్లినప్పుడు పెన్‌డ్రైవ్ పట్టుకుని రేవుకి వెళ్లాను. అదే షాపు, ఇప్పుడు టెంపర్డ్ గ్లాసులూ ఛార్జర్లూ అమ్ముతున్నాడు, మూల ఆ కంప్యూటర్ ఇంకా ఉంది.

"ఆరు కాపీలు కావాలి బాబాయ్, ఎంతవుద్ది?"

"పాతరేటేనండి, కాపీకి 30. ఊరేగింపులో పాటలు బావున్నాయండి, మాస్ ఫోల్డర్లో ఏసుకోనా?"