విగన్‌లో తెల్లవార్లూ

విజయనగరంలో పుట్టి పెరిగినవాణ్ణి కావడం చేత, సంగీత చరిత్ర అంటే పాడినవాళ్ల చరిత్ర, వాయించినవాళ్ల చరిత్ర అన్న అభిప్రాయం నాకు చిన్నతనం నుంచే స్థిరపడిపోయింది. 1919లో మహారాజావారు సంగీత కళాశాల నెలకొల్పడం, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు కావడం, ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ వయొలిన్ నేర్పడం, చదువుకోవడానికి వచ్చిన ఘంటసాల ఈ వీధుల్లోనే మధూకరం ఎత్తుకోవడం మా ఊళ్లో బడిపిల్లలకు కూడా తెలిసిన సంగతులే. వారి పాటను ఎదురుగా కూర్చుని విన్నవాళ్లు ఎవరో, ఏ పని ముగించుకుని వచ్చారో, తెల్లవారాక ఎలా ఇళ్లకు చేరారో మాత్రం నేను ఎక్కడా చదవలేదు. అందువల్లనే కాబోలు, కేవలం వినేవాళ్ల మూలంగా చరిత్రకెక్కిన ఒక హాలు ఇంగ్లండులో ఉండేదని తెలిసిన నాటి నుంచి నా మనసు దాని చుట్టూనే తిరుగుతోంది.

ఆ హాలు పేరు విగన్ కేసినో. పేరులో కేసినో ఉన్నా, దాని కీర్తికీ జూదానికీ సంబంధం లేదు. విగన్ అనే ఊరు మాంచెస్టరుకు రైలులో గంట లోపు ప్రయాణం. బొగ్గు గనులతో, నూలు మిల్లులతో బతికిన ఊరు. మా నాన్నగారు నెల్లిమర్ల వైపు జూట్ మిల్లులో షిఫ్టులు చేసిన మనిషి కనుక, కూత వేళకు లేచి, కూత వేళకు నిద్రపోయే ఊరి స్వభావం నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అటువంటి ఊళ్లో శనివారం రాత్రికి ఉండే విలువ వేరు. స్టేషన్ రోడ్డులోని ఎంప్రెస్ బాల్‌రూమ్ అనే పాత నాట్యశాలలో, 1973 సెప్టెంబరు 23న, తెల్లవారుజామున 2 గంటలకు మొదలుపెట్టి ఉదయం 8 వరకు అమెరికా నల్లజాతివారి సోల్ పాటల రికార్డులు వేశారు. వేసినవాడు రస్ విన్‌స్టాన్లీ అనే స్థానిక యువకుడు. ఆ తరువాత కెవ్ రాబర్ట్స్, రిచర్డ్ సెర్లింగ్ వంటివారు వచ్చి చేరారు. మన మాటలో చెప్పాలంటే అది వారం వారం జరిగిన జాగారం.

ఈ సంగతి ఇంట్లో వివరించబోతే మా ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది: "అయితే మన జాతర్లో రికార్డింగ్ డాన్సే కదేటండీ!" సగం నిజమే. కాకపోతే మన జాతరలో వేదిక మీద డబ్బిచ్చి తెచ్చినవాళ్లు ఆడతారు, జనం కింద నుంచి చూస్తారు. విగన్‌లో వేదిక మీద రికార్డులు తిరిగే యంత్రాలు ఉండేవి, ఆడేది కింద ఉన్న జనమే. జాకీ విల్సన్, ఎడ్విన్ స్టార్ వంటి అమెరికా గాయకులు వచ్చి పాడిన రాత్రులు లేకపోలేదు గాని, ఆ హాలును నిలబెట్టినవి అవి కావు.

అసలు ఆ పాటలు అక్కడికి ఎలా చేరాయన్నదే ఈ చరిత్రలో నాకు అన్నిటికంటె ఇష్టమైన భాగం. 1960ల నడుమ అమెరికాలో డెట్రాయిట్ నగరపు మోటౌన్ సంస్థ ఒక ఒరవడి పెట్టింది: గుండె దడలాంటి తాళం, పైన తీగవాద్యాలు, వాటిని చీల్చుకుని వచ్చే గొంతు. ఆ ఒరవడిలోనే డెట్రాయిట్, చికాగో, లాస్ ఏంజెలిస్ నగరాల్లో ఎన్నో చిన్న కంపెనీలు రికార్డులు తీశాయి. వాటిలో ఎక్కువభాగం అమ్ముడుపోక గోదాముల్లో మూలపడ్డాయి. కాలం మారి అమెరికా శ్రోతలూ లండన్ శ్రోతలూ నెమ్మదైన ఫంక్ అనే బాణీ వైపు మళ్లినా, ఇంగ్లండు ఉత్తర ప్రాంతపు కార్మిక యువకులు మాత్రం పాత వేగాన్ని వదలలేదు. ఫుట్‌బాల్ పోటీల కోసం లండన్ వచ్చినప్పుడల్లా కొత్త పాటలు వద్దని, అటువంటి పాతవే కావాలని అడుగుతున్నారని గమనించిన డేవ్ గోడిన్ అనే రికార్డుల దుకాణదారు, వారి అభిరుచికి నార్తర్న్ సోల్ అని పేరు పెట్టి 1970లో ఒక పత్రికలో రాశాడు. ఉత్తర దిక్కు పేరు పాడినవాళ్లది కాదు, విన్నవాళ్లది. ఒక సంగీతానికి శ్రోతల ఊరి దిక్కును బట్టి పేరు రావడం నాకు తెలిసి మరెక్కడా జరగలేదు.

విగన్ ఈ దారిలో మొదటిది కాదు. మాంచెస్టరులో ఇటువంటిదే అయిన ట్విస్టెడ్ వీల్ అనే క్లబ్బు 1971లో మూతపడింది. స్టోక్ దగ్గర టన్‌స్టల్‌లోని గోల్డెన్ టార్చ్ 1973లో మూతపడింది. రాత్రంతా తిరగడం అలవాటైన కాళ్లకు చోటు లేని సమయంలో విగన్ తలుపులు తెరుచుకున్నాయి. వెంటనే వచ్చిన 1974 ఆరంభంలో బొగ్గు కార్మికుల పోరాటం మూలంగా, విద్యుత్తు పొదుపు కోసం దేశంలో కర్మాగారాలకు వారానికి మూడు రోజులే పని అని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. అయినా జనం దూరపు ఊళ్ల నుంచి రైళ్లలో, అద్దె బస్సుల్లో వచ్చేవారు. చేతిలో ఒక సంచి, అందులో మార్చుకోవడానికి మరో జత బట్టలు. వెడల్పాటి ప్యాంట్లు, తోలు అడుగు బూట్లు, కాలు జారడానికి చెక్క నేల మీద చల్లిన టాల్కం పౌడరు. గిరగిర తిరిగి, వెనక్కి పడి, నేలకు చేయి ఆనించి, తాళం తప్పకుండా మళ్లీ లేచేవారు. జంటగా కాక ఎవరికి వారే ఆడేవారు. ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లవారు గుండెకు కట్టిన రేకు తప్పెట మోగిస్తూ గిర్రున తిరిగి గెంతడం చూసినవారికి ఆ దృశ్యం ఊహించడం కష్టం కాదు.

అక్కడ మద్యం అమ్మకం లేదు. అంతమాత్రాన అందరూ నిష్ఠాపరులని రాస్తే అబద్ధమవుతుంది. నిద్ర రాకుండా ఉత్తేజకాల మాత్రలు మింగినవాళ్లు చాలామంది ఉండేవారు, పోలీసుల కన్ను కూడా ఎప్పుడూ ఆ గుమ్మం మీదే ఉండేది. ఈ భాగాన్ని దాచిపెట్టి ఆ రోజులను కీర్తించడం నాకు నచ్చదు.

రికార్డు వేసేవాడి ప్రతిష్ఠ అంతా ఇంకొకడి దగ్గర లేని ప్లేటు సంపాదించడంలోనే ఉండేది. అందుకని దొరికిన పాట ఎవరిదో పోటీదారుకు తెలియకుండా లేబులు మీద కాగితం అంటించి, గాయకుడికి లేని పేరు పెట్టి ప్రకటించేవారు. ఇది చదివినప్పుడు మా వీధిలో మైక్ సెట్ అద్దెకిచ్చే ఆయన గుర్తుకొచ్చి నవ్వుకున్నాను. పెళ్లిలో మంచి పాట పడినప్పుడు అది ఏ సినిమాలోదని అడిగితే, ఆయన ప్లేటును అట్టలో పెట్టేసి "ముందు భోజనానికి వెళ్లండి" అనేవాడు. సెర్లింగ్ అమెరికా నుంచి తెచ్చిన ఒక రికార్డులో గ్లోరియా జోన్స్ పాడిన 'టెయింటెడ్ లవ్' ఉంది. 1960ల నడుమ వచ్చినప్పుడు దాన్ని పట్టించుకున్నవారు లేరు. ఉత్తరాది హాళ్లలో అది బతికింది. 1981లో సాఫ్ట్ సెల్ అనే బృందం తిరిగి పాడగా బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది.

పేరు పెరిగిన కొద్దీ తగాదాలూ పెరిగాయి. బ్లాక్‌పూల్ అనే ఊళ్లోని మెక్కా అనే నాట్యశాలలో రికార్డులు వేసే ఇయన్ లెవైన్, కాలిన్ కర్టిస్ 1970ల నాటి కొత్త సోల్ పాటలు వేస్తుంటే, విగన్ వేగవంతమైన పాతవాటినే పట్టుకుంది. ఈలోగా 1975లో విగన్ పేరు తగిలించుకున్న బృందాల రికార్డులు టీవీకి ఎక్కి వేలంవెర్రిగా అమ్ముడుపోయేసరికి, మొదటి నుంచీ ఉన్నవాళ్లకు అది తమ దేవుణ్ణి సంతలో పెట్టినట్టు తోచింది. వారి బాధ న్యాయమే గాని, నా మటుకు నేను వారి పక్షం పూర్తిగా తీసుకోలేను. గోదాములో మూలపడిన పాటను వెలికితీసి, ఆపైన పదిమందికి తెలియకూడదనడం కూడా ఒక రకమైన పిసినారితనమే.

ప్రతి జాగారం చివర, 8 గంటలకు ముందు, మూడు పాటలు ఒకే వరుసలో వేయడం అక్కడి ఆచారం: టోబీ లెజెండ్, జిమ్మీ రాడ్‌క్లిఫ్, డీన్ పారిష్ అనే గాయకులవి ఒక్కొక్కటి. మన హరికథలో మంగళం వంటిదన్నమాట. పురపాలకులు తమ కార్యాలయాల విస్తరణకు ఆ స్థలం కావాలనడంతో, 1981 డిసెంబరు 6న చివరి జాగారం జరిగింది. మూడు పాటలూ అయ్యాయి. జనం కదలలేదు. మళ్లీ వేశారు. అప్పటికీ కదలలేదు. చివరకు విన్‌స్టాన్లీ వేసిన రికార్డు ఫ్రాంక్ విల్సన్ పాడిన 'డూ ఐ లవ్ యూ'. 1965లో మోటౌన్ దాన్ని అచ్చువేసి, విల్సన్ గాయకుడిగా కాక నిర్మాతగా ఉండడానికే ఇష్టపడటంతో విడుదల మానుకుంది. ప్రతులు దాదాపు అన్నీ నాశనమయ్యాయి. మిగిలిన కొద్దింటిలో ఒకటి 2009లో 25,000 పౌండ్లకు పైగా పలికింది.

హాలు మూతపడిన మరుసటి ఏడాది, 1982లో, భవనం అగ్నికి ఆహుతి కాగా, 1983లో కూల్చివేశారు. దేనికోసం ఖాళీ చేయించారో ఆ విస్తరణ జరగనే లేదు. 2007లో అక్కడ గ్రాండ్ ఆర్కేడ్ అనే దుకాణ సముదాయం వెలిసింది.

మాంచెస్టరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గరకు వెళ్లినప్పుడు, ఒక మధ్యాహ్నం ముగ్గురం అక్కడికి వెళ్లాం. లోపల జార్జ్ ఫార్మ్‌బీ అనే ఆ ఊరి హాస్యగాయకుడి విగ్రహం ఉంది, అంటే అక్కడా పాడినవాడికే విగ్రహం. నేను ఒక బల్ల మీద కూర్చుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫ్రాంక్ విల్సన్ పాట మొత్తం విన్నాను. రెండున్నర నిమిషాలు. చెవుల్లోంచి తీసేసరికి మా ఆవిడ ఎదురుగా నిలబడి ఉంది. "అయిపోయిందేటండీ? రైలుకి వేళవుతోంది, వాడు టికెట్లు పట్టుకుని నిల్చున్నాడు."