బుడగ ఎందుకు ఊగింది?

రేణిగుంట దగ్గర మల్చింగ్ షీటు (పొలంలో మొక్కల చుట్టూ నేలపై పరిచే ప్లాస్టిక్ పొర) తయారుచేసే ఒక చిన్న కర్మాగారంలో నేను చేరిన తొలి ఏడాది, ఒక రాత్రి షిఫ్టులో, డై (కరిగిన ప్లాస్టిక్ బయటికి వచ్చే గుండ్రని అచ్చు) పైన గాలితో ఉబ్బి నిలువుగా లేచి షీటుగా మారే ప్లాస్టిక్ బుడగ ఉన్నట్టుండి అటూ ఇటూ ఊగసాగింది. పలమనేరు టమాటా రైతులకు వెళ్లవలసిన షీటు ఒకచోట పలుచగా, మరొకచోట మందంగా వచ్చింది. ఆ రోజు మేము మార్చినది ప్లాస్టిక్ గింజలను మాత్రమే: ఎల్‌డీపీఈ (తక్కువ సాంద్రత గల పాలిథిలీన్) స్థానంలో ఎల్‌ఎల్‌డీపీఈ (దానిలోనే లీనియర్ రకం) పోశాము. రెండింటి మెల్ట్ ఫ్లో ఇండెక్సూ 2 కావడంతో రెండూ ఒకే తీరున నడుస్తాయని నమ్మాము.

190 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిన పాలిథిలీన్‌ను 2.16 కిలోల బరువుతో సన్నని రంధ్రం గుండా నెడితే 10 నిమిషాలలో ఎన్ని గ్రాములు వస్తుందన్నదే ఆ సంఖ్య. గోడను రాసుకుంటూ పొర మీద పొర జారే ప్రవాహానికి అది కొలత. బుడగకు గోడలు లేవు. లోపలి గాలి అడ్డంగా, పైనున్న రోలర్లు నిలువుగా లాగుతుండగా అక్కడ ప్లాస్టిక్ జారదు, సాగుతుంది.

చిత్తూరు పల్లెలో బెల్లం వండే ఇంట పెరిగిన నాకు తీగపాకం గుర్తుకు వచ్చింది. అటువంటి సాధారణ ద్రవాన్ని తీగగా లాగితే ఎదురయ్యే నిరోధం, జారేటప్పటి స్నిగ్ధతకు (చిక్కదనానికి) 3 రెట్లని భౌతిక శాస్త్రవేత్త ట్రౌటన్ 1906లోనే చూపాడు. ఎల్‌డీపీఈ ఆ లెక్కకు లొంగదు. అధిక పీడనంలో పుట్టే దాని అణువులకు పొడవైన కొమ్మలుంటాయి. కంపలోంచి ఒక్క కొమ్మను లాగితే కంపంతా కదిలి వచ్చినట్టు, వేగంగా సాగేకొద్దీ అవి చిక్కుపడి బిగుసుకుంటాయి. బుడగలో ఎక్కడైనా పలుచబడితే ఆ చోటే గట్టిపడుతుంది, లాగుడు పక్కనున్న మందపు భాగానికి మళ్లుతుంది, మందం తనంతట తాను సర్దుకుంటుంది. నేను చూసిన యంత్రాలలో ఇంత చక్కని సర్దుబాటు మరొకటి లేదు. ఎల్‌ఎల్‌డీపీఈకి ఉన్నవి పొట్టి కొమ్మలే కనుక, దాని అణువులు ఆకు దూసిన చెరకు గడల్లా ఒకదానిపై ఒకటి జారిపోతాయి. పలుచబడిన చోటు మరింత పలుచబడుతుంది.

అలాగని పూర్తిగా ఎల్‌డీపీఈకి తిరిగి వెళ్లలేము. మరీ పలుచగా లాగితే అది తెగుతుంది, షీటుకు ఎల్‌ఎల్‌డీపీఈ ఇచ్చే గట్టితనమూ రాదు. నూటికి ఇరవై పాళ్లు ఎల్‌డీపీఈ కలిపిన తరువాత, తెల్లవారుజామున, బుడగ నిలిచింది. అప్పటినుంచి కొత్త బస్తా విప్పిన ప్రతిసారీ, డై నుంచి వచ్చే తొలి ముద్దను పట్టకారుతో లాగి, ఎలా సాగుతుందో చూసిన తరువాతే బుడగ ఎత్తుతున్నాను.