ఎర్రగీత పడిన వరుస

పదకొండు దాటింది. అన్నం సహించలేదు, అమ్మ రెండుసార్లు అడిగి ఊరుకుంది. అడవి పక్క బడుల్లో పిల్లలకు వన్యప్రాణుల పాఠాలు చెప్పించే మా ప్రాజెక్టుకు డబ్బిచ్చే కంపెనీ వాళ్లు పొద్దున తిప్పి పంపిన బడ్జెట్ షీటులో ఒకే ఒక్క వరుస మీద ఎర్రగీత. టీషర్టులు ఉన్నాయి, టోపీలు ఉన్నాయి, ఫ్లెక్సీ ఉంది. పోయింది పాఠం చెప్పే ఊరి మనిషికి ఇవ్వాల్సిన గౌరవ వేతనం. బడికి ఏడాదిలో 18 క్లాసులు, క్లాసుకు 500, మొత్తం 9,000. పది బడులకు 90,000. పక్కన చిన్న అక్షరాలతో ‘నిర్వహణ ఖర్చు 5 శాతం దాటింది’ అని రాశారు.

అది తప్పు. సీఎస్‌ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు) నిబంధనల్లోని 5 శాతం హద్దు, కంపెనీ తన సీఎస్‌ఆర్ పనులన్నీ చూసుకోవడానికి పెట్టే సాధారణ ఖర్చుకు. ఒక ప్రాజెక్టు తయారీకి, అమలుకు, పర్యవేక్షణకు నేరుగా పెట్టేది అందులోకి రాదు. బడిలో పాఠం చెప్పడమే ఈ ప్రాజెక్టు. చెప్పే మనిషిని తీసేస్తే మిగిలేది బట్టల మూట.

తేదీ సంగతి ఇంకో తలనొప్పి. కార్యక్రమం వన్యప్రాణి వారోత్సవాల్లోనే, అంటే అక్టోబరు 2 నుంచి 8 లోపే జరగాలట. మన తెలంగాణలో ఆ రోజులు చాలాసార్లు బతుకమ్మ, దసరా సెలవుల్లో పడతాయి. 2024లో సెలవులు అక్టోబరు 2 నుంచి 14 దాకా ఇచ్చారు, వారోత్సవం మొత్తం బడికి తాళమే. డబ్బేమో ఫిబ్రవరి ఆఖర్లో చేతికొస్తుంది, మార్చి 31 లోపు లెక్క చూపమంటారు. మార్చిలో ఒంటిపూట బడులు, పదో తరగతి పరీక్షలు, సార్లందరూ డ్యూటీల మీద. ఆ నెలలో కొనగలిగేవి వస్తువులే. అందుకే ఎన్నో బడుల బీరువాల్లో పులి చార్టులు చుట్టలు చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. చట్టం మాత్రం అంత ఇరుకుగా లేదు. కంపెనీ బోర్డు దీన్ని ‘కొనసాగే ప్రాజెక్టు’గా ఆమోదిస్తే, మొదలైన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్లు నడపొచ్చు. ఖర్చు కాక మిగిలిన సొమ్ము ఆ ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేస్తే చాలు. అలా చేస్తే జూన్‌లో బడి తెరిచినప్పుడే పని మొదలవుతుంది. వాగుల ఒడ్డున మన్ను మెత్తగా ఉండే రోజులు చేజారవు.

మెత్తటి మన్ను అంటే ములుగు జిల్లా తాడ్వాయి వైపు ఒక బడిలో ఎనిమిదో తరగతి గుర్తొస్తోంది.

రెండు రోజుల ముసురు తర్వాత బడి వెనక ఒర్రె పక్కన ఒక జంతువు అడుగు ముద్ర కనబడింది. పిల్లలంతా పులి పులి అని ఎగిరారు. వెనక నిలబడ్డ ఒక అమ్మాయి మాత్రం వంగి చూసి, “గోర్లు పడలే మేడం, కుక్కది కాదు” అంది. నిజమే. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది, కుక్క, నక్క అడుగుల్లో గోళ్ల గీతలు పడతాయి. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల అక్కడిదాకా వచ్చింది. మాతో వచ్చిన కోయ పెద్దాయన పక్కన కూర్చుని, తన రెండు వేళ్లు ఆ అడుగు మీద పెట్టి కొలిచాడు. “అడవిపిల్లి బిడ్డా. మీ గుమ్మిల వడ్లు తినే ఎలుకలను గిదే తింటది.” పులి కాదని ఒక్కరి ముఖమూ చిన్నబోలేదు.

ఆ అడుగుకు ప్లాస్టర్‌తో అచ్చు తీయడం మొదటిసారి చెడింది. పోయిన ఏడాది విప్పిన పొట్లంలోని ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అది. వానాకాలమంతా చెమ్మ పీల్చుకున్న పొడి సరిగ్గా గట్టిపడదు, ఎత్తగానే వేళ్ల దగ్గర విరిగింది. ఆ అడుగు పోయింది, రెండడుగుల అవతల ఇంకోటి దొరకబట్టి సరిపోయింది. ఈసారి కొత్త పొట్లం. గ్లాసు నీళ్లకు రెండు గ్లాసుల పొడి. పొడిని నీళ్లలో చల్లాలి, పొడిలో నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. గబగబా తిప్పితే బుడగలు వస్తాయి, నెమ్మదిగా దోశపిండి జారు వచ్చేదాకా కలపాలి. పాత ఎక్స్‌రే ఫిల్మును రెండంగుళాల పట్టీగా కత్తిరించి, గుండ్రంగా చుట్టి క్లిప్పు పెట్టి, అడుగు చుట్టూ అరంగుళం లోతుకు దించాలి. పిండిని అడుగు మీద నేరుగా పోయొద్దు, చెంచాను అడ్డం పెట్టి పక్క నుంచి జారనివ్వాలి. గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు అరచెయ్యి పెట్టి చూశారు. అరగంటకు ఎత్తితే అడుగున మన్ను అంటుకుని వచ్చింది. అప్పుడే గీకొద్దు, మర్నాడు పాత టూత్‌బ్రష్‌తో కడగాలి. అరచేతిలో పట్టేంత అచ్చు. ఇప్పటికీ ఆ బడి కిటికీలో ఉంది.

దీనికి ఖర్చు ఎంత? ఐదు కిలోల పొడి, ఒక మూత బిగిసే డబ్బా. మిగతాదంతా ఆ పెద్దాయన. ఆయన ఆ పూట చేను పనికి పోయి ఉంటే ఇంటికి కూలి వచ్చేది. ఉచితంగా రమ్మంటే రెండుసార్లు వస్తాడు, మూడోసారి రాడు, రావాల్సిన అవసరమూ లేదు. సార్లకు బదిలీలు అవుతాయి, ఊరి మనిషికి బదిలీ లేదు.

ఇంకొకటి ఉంది. మక్కచేలకు అడవిపందులు రాకుండా పెట్టే కరెంటు తీగల గురించి మాట్లాడేటప్పుడు ‘మీ ఊళ్లో ఎవరు పెడతారు’ అని పిల్లలను ఎప్పుడూ అడగొద్దు. ఒక్క పేరు బయటికొస్తే ఆ ఇంటి మీదికి కేసు వస్తుంది, మర్నాటి నుంచి సగం క్లాసు ఖాళీ. ఖాకీ బట్టల్లో ఎవరైనా వచ్చి కూర్చున్నా అంతే, నోరు పెగలదు. అడగాల్సింది ‘తీగ కనబడితే ఏం చేయాలి’ అని. ముట్టొద్దు, పశువులను అటు పోనివ్వొద్దు, లైన్‌మన్‌కు చెప్పాలి. తీగకు పందీ ఒకటే, మనిషీ ఒకటే. ఈ ఎరుక ఊరి మనిషికి ఉంటుంది, ఫ్లెక్సీకి ఉండదు.

ఇక్కడిదాకా రాసి, గట్టి జవాబు కొడదామని పాత షీటు తెరిచాను. ఆ వరుస ‘ఇతర ఖర్చులు’ కింద, స్టేషనరీకి, ఫోను బిల్లుకు మధ్యలో ఉంది. ‘రిసోర్స్ పర్సన్, 90,000’. విడమర్చి ఒక్క ముక్క లేదు. లెక్కలు చూసే వాళ్లు అడవికి రాలేదు, వాళ్ల ముందున్నది ఈ కాగితమే. కోపం సగం దిగింది. తేదీ విషయంలో మాత్రం దిగలేదు.

పిల్లలను అడవి చూపించడానికి షీటులో పెట్టిన బస్సు సంగతీ మళ్లీ ఆలోచించాలి. అడవి పక్కనే ఉన్న పిల్లలకు పాఖాల అభయారణ్యం యాత్ర దేనికి, తీసేద్దాం అనుకున్నా. కానీ ఆశ్రమ పాఠశాల ఆడపిల్లలు గోడ దాటి పోయేది సెలవులకే. వాళ్లకు బస్సు ఉండాల్సిందే. టీషర్టులు మానేస్తే, 60 మందికి 250 చొప్పున బడికి 15,000 మిగులుతుంది. బస్సుకు అందులోనే సరిపోతుంది.

కొత్త షీటు తయారైంది. మొదటి వరుస: ‘పాఠం చెప్పే ఊరి మనిషి, 18 తరగతులు, తరగతికి 500, హాజరు పట్టికపై పెద్దసారు సంతకంతో చెల్లింపు’. బస్సు నాలుగోది. కార్యక్రమం తేదీ దగ్గర నవంబరు రెండో వారం అని రాశాను. బయట మబ్బు పట్టింది, ప్లాస్టర్ డబ్బా వరండాలోనే ఉంది, లోపల పెట్టి పడుకుంటా.