చిలక ఎక్కడుంది?

మా మామ్మకి చదువు రాదు. హ్యారీ పోటర్ ఏడు పుస్తకాల కథ మాత్రం మొత్తం వచ్చు, అదీ నా నోటి నుంచి విని. మంత్రాల బడిలో చదివే ఆ కుర్రాడు ఆవిడకి హ్యారీ కాదు, హరి. వాడి స్నేహితురాలు హెర్మయనీ కాస్తా హేమ అయింది. స్నేహితుడు రాన్‌ని ఎందుకో ‘ఆ ఎర్రజుట్టు గుంటడు’ అని ఊరుకునేది.

మాది ఆంధ్రా సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీషు ఒక సబ్జెక్టు. 2001లో నేను అయిదో తరగతిలో ఉండగా నాన్న బరంపురం నుంచి మొదటి పుస్తకం పాత కాపీ ఒకటి తెచ్చారు. పక్కన ఇంగ్లీషు–ఒడియా డిక్షనరీ పెట్టుకుని చదివేదాన్ని, రాత్రి కరెంటు పోయాక మామ్మకి తెలుగులో చెప్పేదాన్ని. అర్థం కాని చోట సొంతంగా కల్పించేదాన్ని. తర్వాతి పుస్తకంలో దొరికిపోయేదాన్ని కూడా. ‘అప్పుడలా చెప్పలేదే నువ్వు’ అనేది మామ్మ. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు కదా, మంత్రాల బడిని కూడా మాట్లాడే తెలుగులోకి దించాల్సిందేనని నాన్న నవ్వేవారు.

చెప్పడంలో చిక్కులు వేరే ఉండేవి. రాత్రిపూట మా ఇంట్లో పాము అనకూడదు, పురుగు అనాలి. రెండో పుస్తకంలో ఉన్నదంతా పామే. కథ నడిపినన్నాళ్ళూ ‘పెద్ద పురుగు’ అంటూనే నెట్టుకొచ్చాను. హరిని చంపాలని చూసే దుర్మార్గుడు వోల్డెమార్ట్ పేరు కథలో ఎవరూ ఎత్తరు మామ్మా అని చెబితే, ఆవిడకి వింతగానే అనిపించలేదు. పెళ్ళయిన దగ్గర్నించీ తాతయ్య పేరు నోటితో పలకని మనిషి. ‘మొగుడి పేరూ ఎత్తం, దెయ్యం పేరూ ఎత్తం’ అని తీసిపారేసింది.

ఆరో పుస్తకం 2005 జులైలో వచ్చింది. అందులో హార్‌క్రక్స్ సంగతి ఉంటుంది: వోల్డెమార్ట్ తన ఆత్మని ముక్కలు చేసి వస్తువుల్లో దాచుకుంటాడు, అవన్నీ నాశనమైతే తప్ప చావడు. ఇదెలా చెప్పాలా అని నేను రెండు రోజులు తంటాలు పడ్డాను. మామ్మకి అర నిమిషం పట్టింది.

‘మాయల పకీరేగదే! ప్రాణం చిలకలో పెట్టుకుని ఏడు సముద్రాల అవతల దాచినోడు.’

చిన్నప్పుడు బాలనాగమ్మ బుర్రకథ ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఇక్కడ ఒక చిలక కాదు మామ్మా, చాలా ఉన్నాయన్నాను. కాసేపు ఆలోచించింది. తర్వాత ఎంతో మామూలుగా, ‘ఆ హరిగాడే ఒక చిలకేమో. నుదుటి మీద మచ్చ ఉంది కదా’ అంది.

నాకు కోపం వచ్చింది. అలాగైతే వాడు చావాలి కదా, నీకేం తెలుసు, బొత్తిగా కథలే తెలియనట్టు మాట్లాడతావు అన్నాను. (కథలు తెలియనట్టు అని మామ్మతో! ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.)

ఆ తర్వాత రెండేళ్ళు ఆ మాట పంటి కింద రాయిలా ఉండిపోయింది. నెట్ సెంటర్‌కి వెళ్ళే అబ్బాయిలు రకరకాల ఊహలు మోసుకొచ్చేవాళ్ళు. ఏదీ నమ్మలేదు, భయం మాత్రం మామ్మ మాటకే.

ఏడోది 2007 జులై 21న, శనివారం వచ్చింది. నేను ప్లస్ టూలో ఉన్నాను. మా ఊళ్ళో దొరకదు. నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే మా బుల్లి రైలు ఉంటే ఏమైనా జరిగేదేమో గానీ, బ్రాడ్‌గేజ్ చేస్తామని 2004లోనే ఆపేశారు. విశాఖలో ఉన్న బాబాయ్ పొద్దున్నే కొని, పాతపట్నం బస్సు డ్రైవరు చేతికిస్తానన్నాడు. నాన్న ముందే ఇచ్చిన వెయ్యి నోటులో మిగిలిన చిల్లర చాలా తక్కువ. ఆ సంగతి అమ్మకి ఈ రోజుకీ తెలియదు.

సాయంత్రం వానలో నాన్నా నేనూ స్కూటర్ మీద పాతపట్నం వెళ్ళాం. రాష్ట్రం మారినా దూరం ఎంతో లేదు. బస్సు వచ్చింది, పుస్తకం రాలేదు. మధ్యలో డ్రైవరు డ్యూటీ మారాడట, ప్యాకెట్టు ఎక్కడ పెట్టాడో ఈయనకి తెలియదట. నాకు ఏడుపు ఆగలేదు. నాన్న బస్సెక్కి ఒక్కో సీటు కిందా వెతికి, చివరికి స్టెప్నీ పక్కన తడిసిన గోనె కింద పట్టుకున్నారు. ప్లాస్టిక్ కవరుండబట్టి బతికింది. అట్ట మూల మాత్రం ఉబ్బింది, ఇప్పటికీ అలాగే ఉంది.

607 పేజీలు. ఆదివారం రాత్రికి అయిపోయాయి. మధ్యలో ముగ్గురూ గుడారం వేసుకుని అడవుల్లో తిరిగే భాగం సాగతీతే, ఎవరేమనుకున్నా సరే. 33వ అధ్యాయంలో హరి బడి మాస్టారు స్నేప్ జ్ఞాపకాలు వచ్చాయి. అక్కడ రాసి ఉంది, మామ్మ రెండేళ్ళ కిందట అన్నది. వోల్డెమార్ట్ ఆ మచ్చ చేసినప్పుడే అతని ఆత్మ ముక్క హరిలో చేరింది, హరి చావాలి. పుస్తకం మూసి వీధరుగు మీద కూర్చున్నాను. ముగింపు కన్నా మామ్మకి ఇది ఎలా చెప్పాలన్నదే టెన్షన్.

రోజుకో అధ్యాయం లెక్కన మొదలుపెట్టాను. హరిని కాపాడుతూ డాబీ అనే చిన్న జీవి చనిపోయిన రాత్రి మామ్మ చాలాసేపు మాట్లాడలేదు. హరి మంత్రం వాడకుండా సొంత చేతులతో గొయ్యి తవ్వాడని చెబితే, ‘అలాగే చెయ్యాలి’ అంది. గుడారం భాగంలో మాత్రం హాయిగా గురక పెట్టింది. విమర్శకురాలు.

33 దగ్గరికొచ్చేసరికి నాకు జ్వరమొచ్చింది. మర్నాడు పరీక్ష. ఆ పైరోజు తలనొప్పి. నాలుగో రోజు మామ్మ లాంతరు తెచ్చి నా ముందు పెట్టి కూర్చుంది.

‘చిలక దొరికిందా?’

‘దొరికింది.’

‘హరేనా?’

తల ఊపాను. వాడు ఒక్కడే అడవిలోకి నడిచి వెళ్ళాడని, వాళ్ళ అమ్మా నాన్నా నీడల్లా పక్కన నడిచారని, మంత్రదండం ఎత్తలేదని చెప్పాను. చెబుతూ చెబుతూ ముక్కు చీదాను. మామ్మ కళ్ళు తుడుచుకోలేదు. నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, నేను వేలు పెట్టిన చోటు నుంచి చివరి దాకా పేజీల మందం రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది.

‘ఇంకా ఇంతుంది కదే. వాడు చచ్చిపోతే ఇవన్నీ దేనికి రాస్తారు? చెప్పు.’

రెండు రోజులు ఏడ్చానే, ఈ లెక్క నాకు తట్టలేదు.

ఆఖరి భాగం పందొమ్మిదేళ్ళ తర్వాత జరుగుతుంది. పెద్దవాళ్ళయిన ఆ ముగ్గురూ పిల్లల్ని తాము చదివిన మంత్రాల బడికి వెళ్ళే రైలెక్కించడానికి స్టేషన్‌కి వస్తారు. నాకు అది అంతగా నచ్చలేదు, అందరికీ పెళ్ళిళ్ళు చేసి పేర్లు పెట్టేసినట్టుంది. మామ్మకి అదే నచ్చింది. ఎవరికి ఎంతమంది పిల్లలో రెండుసార్లు చెప్పించుకుంది.

‘అదే రైలా? ఎర్రదీ?’

‘అదే.’

‘ఇంకా తిరుగుతోందన్నమాట. మనదే పీకేశారు.’ (మా ఊరికి పెద్ద రైలు 2010లో గానీ రాలేదు.)

మర్నాడు రాత్రి కరెంటు పోగానే అలవాటుగా ఇద్దరం అరుగు మీదకి చేరాం. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఊరికి దూరంగా ఎక్కడో కప్పలు అరుస్తున్నాయి.

‘మళ్ళీ మొదట్నించి చెప్పు’ అంది మామ్మ.

‘మెట్ల కింద చిన్న గది. అందులో హరి పడుకుని ఉన్నాడు...’

‘ఉండుండు. ముందు పిల్లి కదే. గోడ మీద కూర్చుంటుందీ, ఆ పిల్లి ఏదీ?’